అన్ని ఫోన్లూ ఒకేలా ఎందుకైపోయాయి?

(చిక్కడపల్లిలో ఒక ఆదివారం సాయంత్రం జరిగిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైప్ చేశాం. తడబాట్లు మాత్రం తీసేశాం, మిగతాదంతా మాట్లాడింది మాట్లాడినట్టే.)

అందరికీ నమస్కారం. వెనక వరసకి వినిపిస్తోందా? ఆ, సరే. ముందు అందరూ ఒక పని చెయ్యండి, మీ ఫోన్లు తీసి స్క్రీన్ ఆపేసి నా వైపు చూపించండి. వెనక వైపు కాదండీ, ముందు వైపు, లోగో కనపడొద్దు. ఆ, అంతే. ఇప్పుడు ఇక్కడ నిలబడి చూస్తుంటే నాకు వరసగా నల్ల అద్దాలు కనిపిస్తున్నాయి, ఇంకేమీ లేదు. ఎవరిది లక్ష దాటిన ఫోనో, ఎవరిది ఈఎంఐలో తీసుకున్న పదివేల ఫోనో చెప్పమంటే నా వల్ల కాదు. రోజంతా ఫోన్లతోనే నా పని, అయినా చెప్పలేను. సరే, జేబుల్లో పెట్టేసుకోండి, సైలెంట్‌లో పెట్టి మరీ పెట్టుకోండి.

నా సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తా. ఇప్పుడు మాదాపూర్‌లో యాప్ టెస్టింగ్ చేస్తున్నా, అంటే ఒకే యాప్‌ని ఐఫోన్‌లో, ఆండ్రాయిడ్‌లో, కొత్త ఫోన్‌లో, పాత డొక్కు ఫోన్‌లో నొక్కి నొక్కి చూసి ఎక్కడ ఆగిపోతుందో చెప్పడమే నా ఉద్యోగం. దానికి ముందు ఆబిడ్స్‌లో, జగదీష్ మార్కెట్‌లో ఒక షాపు కౌంటర్ మీద కూర్చునేవాణ్ణి. జగదీష్ మార్కెట్ తెలియనివాళ్లు ఎవరైనా ఉన్నారా ఇక్కడ? లేరు కదా. ఫోన్ పాడైనవాడూ, పాతది అమ్మేసి కొత్తది తీసుకుందామనుకున్నవాడూ, ఊరికే రేట్లు కనుక్కుందామని వచ్చినవాడూ, అందరూ ముందు ఆ సందులోకే వచ్చేవాళ్లు.

ఆ కౌంటర్ మీద అప్పట్లో ఎలా ఉండేదంటే, కళ్లు మూసుకుని చేతికి ఏ ఫోన్ తగిలిందో చెప్పేసేవాళ్లం. నోకియా 6600 అయితే బొద్దుగా గుండ్రంగా ఉండేది. ఎన్-గేజ్ అయితే మాట్లాడాలంటే దాన్ని అంచు మీద నిలబెట్టి చెవికి ఆనించుకోవాలి, బస్టాపులో జనం తిరిగి చూసేవాళ్లు. మోటోరోలా రేజర్‌ని మూస్తే టప్పున ఒక చప్పుడు వచ్చేది, ఆ చప్పుడు కోసమే కొన్నవాళ్లున్నారు, నేను అమ్మాను. సోనీ ఎరిక్సన్ వాక్‌మన్ అంటే నారింజ రంగు. బ్లాక్‌బెర్రీ అంటే చిట్టి చిట్టి కీలు. ఇక నోకియా 1100, అది 2003లో వచ్చింది, ప్రపంచమంతా కలిపి 25 కోట్లకు పైనే అమ్ముడుపోయింది. దాంట్లో ఏముందండీ? కెమెరా లేదు, కలర్ స్క్రీన్ లేదు, దుమ్ము దూరని కీప్యాడ్ ఉంది, నెత్తి మీద టార్చ్ ఉంది. మనకి కరెంటు పోతుందన్న సంగతి ఎక్కడో ఫిన్లాండ్ కంపెనీకి అర్థమైంది చూడండి, అదీ గొప్ప.

మరి ప్రత్యేకత అంటే షేపేనా? షేపులన్నీ పోయి అద్దం పలక ఒక్కటే మిగిలింది కాబట్టి ప్రత్యేకత కూడా పోయిందా? చాలామంది అలాగే అంటారు, బోర్ కొట్టేసింది బాస్ అంటారు. నేనైతే ఒప్పుకోను. అది ఎక్కడికీ పోలేదు, చోటు మారిందంతే. కంటికి కనపడే చోట నుంచి వేలికి తెలిసే చోటికి వెళ్లిపోయింది, అందుకే షాపులో పోస్టర్ మీద దాన్ని రాయలేకపోతున్నారు, మెగాపిక్సెళ్లు రాసి సరిపెడుతున్నారు. ఇవాళ నా గొడవంతా ఇదే.

2007 జనవరి 9. స్టీవ్ జాబ్స్ శాన్‌ఫ్రాన్సిస్కోలో స్టేజీ మీద ఐఫోన్ చూపించాడు. అదే ఏడాది మన మార్కెట్లో నోకియా ఎన్95 రాజ్యం చేస్తోంది. రెండింటినీ లిస్టు రాసి పక్కపక్కన పెట్టండి. ఎన్95లో 5 మెగాపిక్సెల్ కెమెరా, వీడియో తీస్తుంది, జీపీఎస్ ఉంది, 3జీ ఉంది. మొదటి ఐఫోన్‌లో 2 మెగాపిక్సెల్, వీడియో లేదు, జీపీఎస్ లేదు, 3జీ లేదు, ఎంఎంఎస్ లేదు, ఆఖరికి కాపీ పేస్ట్ కూడా లేదు, అది 2009లో గానీ రాలేదు. లిస్టు ప్రకారం ఎవరు గెలిచారు? నోకియా. చిత్తుగా గెలిచింది. మరి ఐదారేళ్లలో ఎవరు మిగిలారు? ఎందుకలా?

ఇక్కడికొచ్చింది 2008 ఆగస్టులో, ఎయిర్‌టెల్ వాళ్లూ వొడాఫోన్ వాళ్లూ అమ్మారు, 8 జీబీది 31 వేలు. దాని పేరు ఐఫోన్ 3జీ, అప్పటికి మన దేశంలో 3జీ నెట్‌వర్కే మొదలవలేదు, అంటే పేరులో ఉన్న ముఖ్యమైన సంగతే పనిచెయ్యని ఫోన్‌ని 31 వేలకి కొనాలి. నవ్వొస్తుంది కదా? కానీ దాన్ని చేతిలోకి తీసుకున్నవాడు ఏం చేసేవాడో నేను చూశా. కాంటాక్ట్ లిస్టు తెరిచి వేలితో పైకి తోసేవాడు. అది జారుకుంటూ వెళ్లి మెల్లగా ఆగేది, చివరికెళ్తే కాస్త సాగి వెనక్కి వచ్చేది. మళ్లీ తోసేవాడు. ఫోన్ చెయ్యడం లేదు, మెసేజ్ చెయ్యడం లేదు, ఊరికే తోసి చూస్తున్నాడు. పక్కనే ఉన్న మిగతా టచ్ ఫోన్లలో స్టైలస్‌తోనో గోరుతోనో గట్టిగా నొక్కితే గానీ కదిలేది కాదు, నొక్కాక ఒక క్షణం ఆలోచించుకుని కదిలేది. ఆ తేడా ఏ లిస్టులో రాస్తారు?

కాస్త టెక్నికల్‌గా వెళ్దాం, భయపడకండి, రెండు నిమిషాలే. స్క్రీన్ మీద బొమ్మ సెకనుకి 60 సార్లు మారుతుందనుకోండి, అంటే ఒక్కో బొమ్మ గీయడానికి ఫోన్‌కి దొరికే టైమ్ దాదాపు 16 మిల్లీసెకన్లు. సెకనులో వెయ్యో వంతు మిల్లీసెకను, అలాంటివి పదహారు. ఆ లోపల గీయలేకపోతే ఆ బొమ్మ తప్పిపోతుంది, మన కంటికి చిన్న జర్కులా తగులుతుంది. ఐఫోన్ మొదటి నుంచీ స్క్రీన్ గీసే పని గ్రాఫిక్స్ చిప్‌కి అప్పజెప్పింది, వేలు తగిలిందంటే మిగతా పనులన్నీ పక్కన పెట్టు అన్నట్టు రాసుకున్నారు. మొదట్లో ఆండ్రాయిడ్ అలా కాదు, చాలావరకు మెయిన్ ప్రాసెసరే గీసేది, పైగా మధ్యమధ్యలో మెమరీ శుభ్రం చేసుకోవడానికి ఆగేది, ఆగినప్పుడల్లా జర్కు. పాత ఆండ్రాయిడ్ వాడినవాళ్లు తలలూపుతున్నారు, గుర్తొచ్చింది కదా? 2012లో ఆండ్రాయిడ్ 4.1, జెల్లీ బీన్, దాంట్లో ప్రాజెక్ట్ బటర్ అని పేరు పెట్టి గూగుల్ వాళ్లు ఈ ఒక్క సమస్య మీదే కూర్చున్నారు. వెన్నలా జారాలి అని. తర్వాత 2014లో ఆండ్రాయిడ్ 5తో లోపలి ఇంజనే మార్చారు. ఇవాళ పదిహేను వేల ఫోన్‌లో కూడా 120 హెర్ట్జ్ స్క్రీన్ వస్తోంది, అంటే సెకనుకి 120 బొమ్మలు, ఒక్కో బొమ్మకి 8 మిల్లీసెకన్లే.

ఇంకోటి, వైబ్రేషన్. దీని గురించి ఎవరూ మాట్లాడరు, నాకు మాత్రం ఇదే ఇష్టం. చవక ఫోన్లలో ఒక చిన్న మోటారు, దాని చివర ఒక పక్కకి ఒరిగిన బరువు, అది తిరిగితే ఫోనంతా బర్రుమంటుంది, తిరగడం మొదలవడానికీ ఆగడానికీ టైమ్ పడుతుంది. ఖరీదైనవాటిలో తిరగదు, అటూ ఇటూ కదులుతుంది, అందుకే టక్ అని వేలికి తగిలి వెంటనే ఆగిపోతుంది. ఐఫోన్ 7లో, 2016లో, హోమ్ బటన్ అసలు బటనే కాదు. నొక్కితే కిందకి దిగదు, లోపలి మోటారు టక్‌మని కొడితే నొక్కినట్టు మనకే అనిపిస్తుంది. ఫోన్ ఆఫ్ చేసి నొక్కి చూడండి, అసలు కదలదు. ఛార్జింగ్ అయిపోయిన ఫోన్ పట్టుకొచ్చి "అన్నా, బటన్ జామ్ అయింది, జర చూడు" అనేవాళ్లు మార్కెట్‌కి. ఛార్జింగ్ పెట్టి ఇస్తే, "ఏం జేసినవే అన్నా, మస్తు జల్ది జేసినవ్!" అనేవాళ్లు. డబ్బులు తీసుకున్నావా అని అడక్కండి.

సరే, ఇందాక జెల్లీ బీన్ అన్నాను కదా. అదే 4.1తో ఇంకో సంగతి జరిగింది, మనకి అది ఇంకా పెద్దది. తెలుగు, కన్నడ, మలయాళం అక్షరాలకి ఆండ్రాయిడ్‌లో సరైన సపోర్ట్ వచ్చింది అందులోనే. అంతకుముందు ఏముండేది? డబ్బాలు. తెలుగు సైటు తెరిస్తే పేజీ నిండా డబ్బాలు. అప్పుడు మనవాళ్లు ఏం చేసేవాళ్లో ఇక్కడ ఎంతమందికి గుర్తుంది? ఆపెరా మినీ అనే బ్రౌజర్ వేసుకుని, అడ్రస్ చోట ఆపెరా కోలన్ కాన్ఫిగ్ అని కొట్టి, కిందికెళ్లి బిట్‌మ్యాప్ ఫాంట్స్ అన్నదాన్ని ఎస్ పెట్టుకునేవాళ్లం. అప్పుడు వాళ్ల సర్వరే తెలుగుని బొమ్మలా గీసి పంపేది. ఆ చిట్కా తెలుగువాళ్లు ఒకళ్లకొకళ్లు చెప్పుకుని చెప్పుకుని బతికాం. అదిగో, మూడో వరసలో సార్ నవ్వుతున్నారు, మీరూ చేశారా? చేశారు.

ఐఫోన్‌లో మన తెలుగు ఇంకో రకంగా ప్రపంచ ప్రసిద్ధి పొందింది. 2018 ఫిబ్రవరి, గుర్తుందా? ఒక్క తెలుగు అక్షరం పంపిస్తే ఐఫోన్లు మూతపడిపోయాయి. "జ్ఞా". జ, దాని కింద ఞ, దీర్ఘం, మధ్యలో కంటికి కనపడని జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే ఒక గుర్తు. ఈ వరసని స్క్రీన్ మీద ఎలా గీయాలో ఐఓఎస్ 11కి, అంటే అప్పటి ఐఫోన్ సిస్టమ్‌కి, అర్థం కాలేదు, అర్థం కాకపోతే డబ్బా చూపించి ఊరుకోవచ్చు కదా, ఊరుకోలేదు, ఆ మెసేజ్ తెరవబోయిన యాప్ ఠపీమని పడిపోయేది. మళ్లీ తెరిస్తే మళ్లీ అదే మెసేజ్, మళ్లీ పడిపోవడం. నోటిఫికేషన్‌గా వస్తే ఫోన్ మొత్తం తలకిందులు. ఇంగ్లిష్ పేపర్లన్నీ "తెలుగు క్యారెక్టర్" అని రాశాయి, ఆ వారం మా ఆఫీసులో వేరే దేశాలవాళ్లు కూడా తెలుగు అంటే ఏంటని అడిగారు. ఫిబ్రవరి 19న 11.2.6 అని అప్‌డేట్ పంపి సరిచేశారు.

నేనిది ఐఫోన్‌ని వెక్కిరించడానికి చెప్పట్లేదు. మన వాడకం వాళ్ల టెస్టింగ్ టేబుల్ మీదకి ఎంత దూరం చేరిందీ అని చూడ్డానికి చెప్తున్నా. నేను టెస్టర్‌ని కాబట్టి అడుగుతా: ఆ సంయుక్తాక్షరం ముందే ఎవరైనా టైప్ చేసి చూశారా? చూసుంటే తెలిసిపోయేది. నా మట్టుకు నాకు ఒక ఫోన్ మంచిదా కాదా అంటే మొదటి పరీక్ష ఇదే, వత్తులు తెగకుండా గీస్తోందా, "స్త్రీ" అని కొడితే ఎన్ని నొక్కులు పడుతున్నాయి, నేను తెలుగులో మాట్లాడితే సరిగ్గా రాస్తోందా. కెమెరా తర్వాత.

ఇప్పుడు పోయినవాళ్ల గురించి మాట్లాడాలి. ఎందుకంటే నన్నడిగితే, అన్నిటికన్నా విలక్షణంగా ఉన్న ఫోన్లే ముందు పోయాయి.

పామ్ ప్రీ అని 2009లో ఒక ఫోన్, దాంట్లో సిస్టమ్ పేరు వెబ్ఓఎస్. తెరిచిన యాప్‌లన్నీ పేకముక్కల్లా వరసగా కనిపించేవి, అక్కర్లేనిదాన్ని పైకి తోసేస్తే పోయేది. మనదాకా పెద్దగా రానేలేదు ఆ ఫోన్. 2010లో హెచ్‌పీ వాళ్లు పామ్‌ని కొన్నారు, 2011 ఆగస్టులో ఫోన్లూ టాబ్లెట్లూ ఆపేశారు. ఇప్పుడు మీ ఫోన్‌లో కింద నుంచి పైకి లాగి ఆపి చూడండి, ఏమొచ్చాయి? ముక్కలే. పైకి తోస్తే పోతాయి. ఐఫోన్ టెన్ 2017లో ఈ పద్ధతికి వచ్చింది, ఆండ్రాయిడ్ దాని వెనకే. వెబ్ఓఎస్ డిజైన్ చేసిన మటియాస్ డ్యుఆర్టే 2010లోనే గూగుల్‌కి వెళ్లిపోయాడు. వెబ్ఓఎస్ మాత్రం ఎల్జీ టీవీల్లో బతుకుతోంది, మీ హాల్లో గోడకి వేలాడుతుండొచ్చు.

విండోస్ ఫోన్, మైక్రోసాఫ్ట్ వాళ్ల సిస్టమ్. దీని దగ్గర కాసేపు ఆగుతా, ఎందుకంటే నేను అమ్మినవాటిల్లో నాకు బాగా నచ్చింది ఇదే. ఐకాన్లు లేవు, పలకలు. ఒక్కో పలక దానంతట అదే తిరుగుతూ ఉంటుంది, ఎవరు మెసేజ్ పెట్టారు, ఎన్ని మిస్డ్ కాల్స్, ఇవాళ వాతావరణం ఏంటి, యాప్ తెరవకుండానే తెలుస్తుంది. నోకియా వాళ్ల లూమియా 520 లాంటి చవక విండోస్ ఫోన్ కూడా అదే ధరలో ఉన్న ఆండ్రాయిడ్ కన్నా నున్నగా నడిచేది. పసుపు, ఎరుపు, నీలం రంగుల వెనక డొప్పలు. దూరం నుంచి చూసి లూమియా అని చెప్పేయొచ్చు. మరి ఎందుకు పోయింది?

యాప్‌లు. అంతే, యాప్‌లు లేవు. ఇన్‌స్టాగ్రామ్ 2013 నవంబరుకి గానీ రాలేదు, అదీ బీటాగా, అంటే ఇంకా పరీక్షలో ఉన్న యాప్‌గా. యూట్యూబ్ యాప్‌ని మైక్రోసాఫ్ట్ తానే తయారుచేసుకుంటే గూగుల్ ఒప్పుకోలేదు, 2013 ఆగస్టులో ఆపేసింది. షాపులో జనం అడిగే మొదటి ప్రశ్న ఏంటి? "దీంట్ల ఫలానా యాప్ వస్తదా?" రాదు అంటే ఫోన్ కింద పెట్టేసేవాళ్లు. పలకలు ఎంత బాగుంటే ఏం లాభం? జనం తక్కువగా ఉన్నారు కాబట్టి యాప్ చేసేవాళ్లు రారు, యాప్‌లు లేవు కాబట్టి జనం రారు. 2014 ఏప్రిల్‌లో నోకియా ఫోన్ల వ్యాపారం మైక్రోసాఫ్ట్ చేతికొచ్చింది, అంతకు రెండు నెలల ముందే మన బేగంపేట హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదువుకున్న సత్య నాదెళ్ల గారు సీఈఓ అయ్యారు, 2015 జూలైలో 760 కోట్ల డాలర్లు నష్టం కింద రాసేసి 7,800 దాకా ఉద్యోగాలు తీసేశారు. 2019 డిసెంబరు 31తో వాట్సాప్ కూడా ఆగిపోయింది. మన దేశంలో వాట్సాప్ ఆగిపోయాక ఇంక ఆ ఫోన్ టార్చ్‌కి పనికొస్తుంది.

ఫైర్‌ఫాక్స్ ఓఎస్ సంగతి కూడా ఒక్క ముక్క, ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ చేసే మొజిల్లా వాళ్ల ఫోన్ సిస్టమ్ అది. 2014లో 1,999 రూపాయలకి ఇంటెక్స్ ఫోన్ వచ్చింది, ఎవరూ పట్టించుకోలేదు, మొజిల్లా చేతులెత్తేసింది. ఆ కోడ్ పట్టుకునే కాయ్ఓఎస్ చేశారు, 2017లో జియోఫోన్ లోపల నడిచింది అదే, 1,500 డిపాజిట్ కట్టి తీసుకున్నాం చూడండి, అది. మీ అమ్మమ్మ చేతిలో ఉన్న ఆ కీప్యాడ్ ఫోన్ లోపల ఉన్నది ఫైర్‌ఫాక్స్ పిల్ల అని ఎవరికి తెలుసు?

ఇక మిగిలినవి రెండు, ఐఫోన్, ఆండ్రాయిడ్. వాటిల్లో కూడా మన దగ్గర నూటికి తొంభై పైన ఆండ్రాయిడే. ఈ ఇద్దరూ పదిహేనేళ్లుగా ఒకళ్ల ఇంట్లోంచి ఒకళ్లు సామాను తెచ్చుకుంటూనే ఉన్నారు. పై నుంచి కిందకి లాగితే నోటిఫికేషన్లు వచ్చేది ఆండ్రాయిడ్‌లో 2008 నుంచీ ఉంది, ఐఫోన్‌కి 2011లో వచ్చింది. వేరే కంపెనీ కీబోర్డు పెట్టుకోవడం ఐఫోన్‌లో 2014. హోమ్ స్క్రీన్ మీద విడ్జెట్లు 2020. ఐకాన్‌ని నాకిష్టమైన చోట ఖాళీ వదిలి పెట్టుకోవడం, అంత చిన్న విషయం, 2024! రెండు సిమ్ములు 2018. అటు నుంచి ఇటు చూస్తే, యాప్ వాడేటప్పుడు అప్పటికప్పుడు పర్మిషన్ అడగడం ఆండ్రాయిడ్‌కి 2015లో గానీ రాలేదు, అంతకుముందు టార్చ్ యాప్ వేసుకున్నా కాంటాక్టులన్నీ ఇచ్చేయాల్సిందే. ఎవరు ఎవరిని కాపీ కొట్టారని కొట్టుకునేవాళ్లని చూస్తే నాకు జాలేస్తుంది. ఇద్దరూ కొట్టారు. బాగుపడింది మనం.

ఐఫోన్ మెసేజ్ యాప్‌లో ఇంకో ఐఫోన్ నుంచి వచ్చే ఐమెసేజ్‌ది నీలం రంగు, ఆండ్రాయిడ్ వాళ్లదైతే ఆకుపచ్చ, అమెరికాలో దీని మీద పెద్ద గొడవ, స్కూలు పిల్లలు ఆకుపచ్చ వస్తే గ్రూపులో వేసుకోరట. మనకెందుకు లేదు ఆ గొడవ? వాట్సాప్. పెళ్లి పిలుపు నుంచి మెట్రో టికెట్ దాకా అన్నీ అందులోనే. అందులో ఉన్నంతసేపు మీరు ఏ ఫోన్‌లో ఉన్నారో అవతలివాళ్లకి తెలియదు, మీకూ గుర్తుండదు. ఇంకా చెప్పాలంటే ఆండ్రాయిడ్ నుంచి ఐఫోన్‌కి చాట్లు తీసుకెళ్లే దారి వాట్సాప్ 2022 దాకా ఇవ్వలేదు, అప్పటిదాకా మనవాళ్లు ఫోన్ మారకపోవడానికి ఫ్యామిలీ గ్రూపులో ఫోటోలే కారణం.

మరి అన్నీ కలిసిపోయాక ఏం మిగిలింది? వెనక్కి రావడం. నవ్వకండి, నిజంగానే అంటున్నా. ఆండ్రాయిడ్‌లో మొదటి ఫోన్ నుంచీ బ్యాక్ అని ఒకటుంది, ఏ యాప్‌లో ఉన్నా, ఎంత లోపల ఉన్నా, అదొక్కటే దారి. 2019లో ఆండ్రాయిడ్ 10తో బటన్ పోయి పక్క నుంచి లోపలికి తోయడం వచ్చింది, కుడి నుంచి తోసినా ఎడమ నుంచి తోసినా వెనక్కే. ఐఫోన్‌లో అలా కాదు. ఎడమ అంచు నుంచి తోస్తే చాలాచోట్ల పనిచేస్తుంది, కొన్నిచోట్ల పై మూలన బాణం నొక్కాలి, కొన్నిచోట్ల కిందకి లాగాలి, కొన్నిచోట్ల డన్ అని ఉంటుంది. యాప్ చేసినవాడి ఇష్టం. ఫోన్లు చిన్నగా ఉన్నప్పుడు పై మూల బొటనవేలికి అందేది, ఇప్పుడు అందదు, నగరంలో బస్సులో ఒక చేత్తో రాడ్ పట్టుకుని చూడండి తెలుస్తుంది. సొంతింట్లో అయితే చీకట్లో కూడా చెయ్యి దానంతట అదే స్విచ్ మీదకి వెళ్తుంది, చుట్టాలింట్లో గోడంతా తడుముకుంటాం, ఫోన్ మారిన మొదటి వారం అచ్చం అదే. రెండు ఫోన్లూ నా టేబుల్ మీదే ఉంటాయి, రోజూ రెండూ వాడతా, అయినా ఇప్పటికీ ఐఫోన్ కుడి అంచుని తోస్తూనే ఉంటా.

ఇంకో తేడా తలుపుల దగ్గర. ఆండ్రాయిడ్‌లో ప్లే స్టోర్ బయట నుంచి కూడా యాప్ వేసుకోవచ్చు, ఏపీకే ఫైల్, అంటే యాప్‌ని ఇన్‌స్టాల్ చేసే ఫైల్, వస్తే చాలు. ఐఫోన్‌లో మన దేశంలో యాప్ స్టోర్ ఒక్కటే గుమ్మం, యూరప్‌లో అయితే చట్టం పెట్టి 2024లో ఇంకో గుమ్మం తెరిపించారు. నాకు స్వభావంగా తెరిచి ఉన్నదే ఇష్టం. కానీ మన ఊళ్లో ఏమవుతోంది? తెలియని నంబర్ నుంచి పెళ్లి కార్డు అని ఏపీకే వస్తోంది, ఎవరి పెళ్లో అని నొక్కి ఇన్‌స్టాల్ చేస్తే మెసేజ్‌లూ ఓటీపీలూ అన్నీ వాళ్ల చేతికి. సైబర్ క్రైమ్ పోలీసులు చెప్తూనే ఉన్నారు. పెళ్లి కార్డు ఎప్పుడైనా ఫోటోగానో పీడీఎఫ్‌గానో వస్తుంది, యాప్‌గా రాదు. నొక్కేశారనుకోండి, వెంటనే సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యండి. అలాగని గుమ్మం కాపలా ఉన్నవాడు పుణ్యానికి కాస్తున్నాడనీ అనుకోవద్దు. 2022 అక్టోబరులో మన కాంపిటిషన్ కమిషన్ గూగుల్‌కే 1,337.76 కోట్ల జరిమానా వేసింది, ఆండ్రాయిడ్ ఇస్తూ తన యాప్‌లన్నీ తప్పనిసరి చేస్తోందని.

బటన్ల గురించి చెప్పకపోతే నా మనసు ఊరుకోదు. ఐఫోన్ పక్కన ఒక చిన్న స్విచ్ ఉండేది, మొదటి ఫోన్ నుంచీ, సైలెంట్‌కి. గుడిలో ఉన్నా మీటింగ్‌లో ఉన్నా జేబులో చెయ్యి పెట్టి తడిమితే సైలెంట్‌లో ఉందో లేదో తెలిసిపోయేది. వన్‌ప్లస్ వాళ్లు 2015లో మూడు మెట్ల స్లైడర్ పెట్టారు, అది ఇంకా బాగుంది. 2023లో ఐఫోన్ 15 ప్రోలో ఆ స్విచ్ తీసేసి యాక్షన్ బటన్ అని పెట్టారు, కెమెరాకి పెట్టుకోండి, టార్చ్‌కి పెట్టుకోండి, మీ ఇష్టం అన్నారు. ఇన్ని పనులు చేస్తుంది కానీ తడిమితే ఏమీ చెప్పదు. మోటోరోలాలో ఫోన్ పట్టుకుని గాల్లో నరుకుతున్నట్టు రెండుసార్లు ఊపితే టార్చ్ వెలుగుతుంది, ఒకసారి అలవాటైతే వేరే ఫోన్ చేతిలో ఉన్నా ఊపుతూనే ఉంటారు, మా ఆఫీసులో ఇద్దరున్నారు, మెట్ల దగ్గర ఐఫోన్లు ఊపుకుంటూ వెళ్తారు. నథింగ్ అని ఒక ఫోన్ 2022లో వచ్చింది, వెనక లైట్లు. చూడ్డానికి బాగుంటుంది, నాకైతే వారం తర్వాత గుర్తులేదు.

లోగో కోసం కొనడం తప్పా అని ఇందాక బయట ఒక తమ్ముడు అడిగాడు. తప్పేముంది? అద్దంలో సెల్ఫీ తీసుకుంటే వెనక ఆపిల్ కనపడాలి, ఫంక్షన్ హాల్లో టేబుల్ మీద బోర్లా పెడితే నలుగురూ చూడాలి, దానికే ఇరవై నాలుగు నెలల ఈఎంఐ కడుతున్నారంటే అదీ ఒక వాడకమే. కాకపోతే కొన్నాక వెంటనే దాని మీద కవర్ వేస్తారు చూడండి, అక్కడే నాకు అర్థం కాదు.

ప్రశ్నలుంటే అడగండి, హాల్ వాళ్లు ఇంకాసేపే ఇచ్చారు.

అమ్మకి ఏ ఫోన్ ఇవ్వాలని మేడమ్ అడుగుతున్నారు. మేడమ్, మీరు ఏది వాడుతున్నారో అదే ఇవ్వండి. సీరియస్‌గానే చెప్తున్నా. ఏదైనా ఆగిపోతే ఫోన్‌లో మీరే చెప్పాలి కదా, "అమ్మా, పైన కుడి పక్కన చూడు" అని, ఆ ముక్క మీ చేతిలో ఫోన్ చూసి చెప్పగలగాలి. దాని తర్వాత అప్‌డేట్లు చూడండి. గూగుల్ పిక్సెల్ 8 నుంచి, శాంసంగ్ ఎస్24 నుంచి ఏడేళ్లు ఇస్తామన్నారు, చవక మోడళ్లకి అంత ఉండదు, కొనేముందే అడగండి. ఆపిల్ 2013 నాటి 5ఎస్‌కి కూడా 2023 జనవరిలో ఒక సెక్యూరిటీ అప్‌డేట్ పంపింది. అమ్మగారు ఫోన్ మార్చరు, మీరు మారుస్తారు, అందుకే అమ్మకే ఎక్కువ అప్‌డేట్లు కావాలి.

కాల్ రికార్డింగ్ గురించి అన్న అడుగుతున్నారు, రియల్ ఎస్టేట్ అనుకుంటా మీరు? అదే అనుకున్నా. ఐఫోన్‌లో ఐఓఎస్ 18.1 అప్‌డేట్ నుంచి ఉంది, కానీ రికార్డ్ అవుతోందని అవతలివాళ్లకి వినపడేలా చెప్తుంది. గూగుల్ డయలర్, అంటే కాల్స్ చేసే యాప్ గూగుల్‌ది ఉన్న ఫోన్లు కూడా అంతే. చెప్పకుండా చేసేది కావాలంటే, అన్నా, నేను చెప్పను.

సెకండ్ హ్యాండ్ ఐఫోన్ తీసుకోవచ్చా? తీసుకోవచ్చు, ఎందుకు తీసుకోకూడదు? కాకపోతే అమ్మేవాడు మీ ఎదురుగానే ఐక్లౌడ్ నుంచి, అంటే తన ఆపిల్ అకౌంట్ నుంచి, సైన్ అవుట్ అవ్వాలి, తర్వాత చేస్తా, ఇంటికెళ్లి పాస్‌వర్డ్ పంపుతా అంటే వద్దు, లేచి వచ్చేయండి. సెట్టింగ్స్‌లో బ్యాటరీ హెల్త్ చూడండి, అబౌట్‌లోకెళ్తే కొత్త మోడళ్లలో ఏ పార్టులు మార్చారో అదే చూపిస్తుంది. తర్వాత స్టార్ హ్యాష్ జీరో సిక్స్ హ్యాష్ కొట్టి ఐఎంఈఐ నంబర్, అంటే ఆ ఫోన్‌కి ఉండే సొంత గుర్తింపు నంబర్, తీసుకోండి, మెసేజ్‌లో కేవైఎం అని ఇంగ్లిష్‌లో కొట్టి, ఒక స్పేస్ ఇచ్చి, ఆ 15 అంకెలు కొట్టి 14422కి పంపండి. దొంగదనీ మరేదో కారణంతోనో ఆ ఫోన్ బ్లాక్ లిస్టులో ఉంటే చెప్పేస్తుంది. ఇది ఆండ్రాయిడ్‌కి కూడా పనిచేస్తుంది. ఆ మెసేజ్ వచ్చేదాకా అడ్వాన్స్ కూడా ఇవ్వొద్దు, షాపువాడు టీ తాగమంటాడు, టీ తాగండి, పర్వాలేదు.